బండిలో వినిపించిన మాట

కనకాలపేటలో అన్నపూర్ణ ఇంట్లో రోజూ తెల్లారేది ఒక కేకతోనే. అది మనుషులకి వేసే కేక కాదు, ఫోనుకి వేసే కేక. కొడుకు శివకుమార్ రేవు నుంచి ఏ చేప తెస్తే ఆ చేప పేరు చెప్పి, ఫోను దగ్గర నోరు పెట్టి, "చేపలమ్మా చేపలూ! ఇవాళ పండుగప్పలున్నాయి, రొయ్యలున్నాయి, రండమ్మా!" అని రికార్డు చేస్తుంది. ఆ ఫోను బండి మీద పెట్టుకుని శివ ఊళ్ళోకి బయల్దేరతాడు. బండి మీద ఉన్న మైకు డబ్బాకీ ఫోనుకీ మధ్య వైరు కూడా అక్కర్లేదు, డబ్బా ఆన్ చేస్తే చాలు బ్లూటూత్‌లో అదే కలుపుకుంటుంది. ముప్ఫై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని అరిచిన గొంతు అన్నపూర్ణది. మోకాళ్ళు పోయాయి గానీ గొంతు పోలేదు. ఆ గొంతు వింటేనే ఫరంపేట ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మంలోకి వస్తారు.

ఆ గురువారం మాత్రం ఆమె కేక వెయ్యలేదు. ఫోను కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది.

"అమ్మా, ఫోనియ్యి. ఐసు కరిగిపోతంది" అన్నాడు శివ.

"ఇవాల్టికి ఇవ్వన్రా. పదింటికి చెల్లి డాక్టరేటు పరీక్ష. మనం కూడా ఫోన్లో చూడొచ్చంట, లింకు పంపింది."

"బాగుంది! నా ఫోను గోదాట్లో పడి వారమైంది. దివ్యది చూస్తే బటన్ల ఫోను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆవిడగారికేనా? నేనెట్టా అమ్ముకోవాలి?"

"నోరుంది కదా, అరుచుకో. నేను ముప్ఫై ఏళ్ళు అరవలేదూ?"

శివ ముఖం కందగడ్డలా అయిపోయింది. 'చెల్లి' అన్న మాట అతని నోట వచ్చి పద్నాలుగు నెలలైంది. ఆవిడగారు అనే అంటాడు.

"మీకు ముందు నుంచీ ఆవిడంటేనే కదా. నాన్నా అంతే. పదో క్లాసు మానేసి వల పట్టుకున్నాను. పదిహేనేళ్ళలో ఒక్కనాడు, ఒక్కనాడు బాగా చేశావురా అన్నాడా ఆయన? ఆవిడకి మాత్రం ఊపిరాడకపోయినా కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పాడు" అని బండి తన్ని స్టార్టు చేసుకుని మెట్టకూరు వైపు వెళ్ళిపోయాడు.

అసలు సంగతి అదే. కూతురు నాగలక్ష్మి పుదుచ్చేరిలో పరిశోధన చేస్తోంది. గోదారి సముద్రంలో కలిసే చోట నీళ్ళు ఎక్కి దిగే పోటు పాటుల గురించి జాలర్లకి తెలిసిన విద్య ఆమె చదువు. అందులో సగం తండ్రి అమ్మన్న దగ్గర రాసుకున్నదే. ఆయన ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక కూడా పక్కన ఫోను పెట్టి అడిగేది, ఆయన ఆగి ఆగి, ఆయాసపడుతూ చెప్పేవాడు. అది చూసి శివ ఒళ్ళు మండిపోయేది. ఆమె ఏదో సెమినారుందని పుదుచ్చేరి వెళ్ళిన మర్నాడే ఆయన పోయాడు. ఆమె తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. శ్మశానం నుంచి తడిబట్టలతో వచ్చిన శివ గుమ్మంలోనే, "రికార్డు చేసుకోడానికి ఇంకేం మిగల్లేదిక్కడ, ఎల్లు" అన్నాడు. ఆ పిల్ల దినకర్మ దాకా ఉండి వెళ్ళింది, మళ్ళీ రాలేదు.

అన్నపూర్ణ కొడుక్కి చెప్పని మాట ఒకటుంది. "నాన్న మాట ఒకటి అందులో వినిపిస్తానమ్మా, నలభై సెకన్లు ఉంటది. తప్పకుండా చూడు, కుదిరితే అన్నయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకో" అంది కూతురు. విడిగా పంపిస్తానన్నా అన్నపూర్ణే వద్దంది. ఫోను పగలంతా శివ చేతిలో ఉంటుంది, కోపంలో చెరిపేస్తే ఏం చెయ్యగలదు? పద్నాలుగు నెలలుగా మొగుడి ఫోటో చూస్తోంది గానీ గొంతు వినలేదు. ఈ మధ్య ఆ గొంతు ఎలా ఉండేదో జ్ఞాపకం చేసుకుందామన్నా రావటం లేదు. అది ఎవరికి చెప్పుకుంటుంది?

పదింటికి కోడలు సాయిదివ్య ఫోనుని కందిపప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టింది. నాగలక్ష్మి కాటన్ చీర కట్టుకుని కనిపించింది. పక్కన చిన్న చిన్న గడుల్లో కళ్ళజోళ్ళ పెద్దమనుషులు. పిల్ల ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంటే, ముక్క అర్థం కాకపోయినా అన్నపూర్ణ ప్రతి మాటకీ తలూపుతూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడే శివ తిరిగొచ్చాడు. రెండు వీధులు అరిచేసరికి గొంతు బొంగురుపోయిందట. అన్నపూర్ణ కేక వినకపోతే ఎవరూ తలుపు తియ్యలేదట.

"సగం సరుకు అట్టాగే ఉంది. చూసింది చాల్లే, ఇటియ్యమ్మా."

"ఒక్క గంటరా శివా. నీకు దణ్ణం పెడతాను. నువ్వూ వచ్చి కూర్చో."

"నేనా? ఆయన ఊపిరి అమ్ముకుని డాక్టరైపోతంటే నేను కూర్చుని చప్పట్లు కొట్టాలా?"

"ఏవండీ, ఏం మాటలండీ అవి?" అంది దివ్య.

"నువ్వు నోర్ముయ్" అని విసురుగా బయటికి పోయాడు.

ప్రహరీ అవతలే బండి. ఎదురింటి రామతులసి అప్పటికే గిన్నె పట్టుకుని రొయ్యలు ఏరుతోంది. చేతి మైకులో తనే అరుద్దామని శివ డబ్బా స్విచ్చి వేశాడు. డబ్బా ఎప్పటిలాగే కుయ్యిమని ఫోనుని కలుపుకుంది. మరుక్షణం అందులోంచి ఇంగ్లీషు వచ్చింది. చెల్లెలి గొంతు!

శివకి విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంట్లో ఫోను మూగబోయి ఉంటుంది. ఒక్క కేక వేస్తే, లేదా ఆ స్విచ్చి కట్టేస్తే సరిపోయేది. అతను రెండూ చెయ్యలేదు. 'ఏడవనీ, తెలియాలి' అనుకుని వాల్యూం కాస్త తగ్గించి, ఐసు మీద గోనె సర్దుతూ నిలబడ్డాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ క్షణంలో బుద్ధి చెడ్డది.

లోపల గొడవ మొదలైంది.

"దివ్యా, మాట ఆగిపోయిందేంటే?"

"ఉండండత్తయ్యా." దివ్య సౌండు బటన్ చివరిదాకా నొక్కింది. రాలేదు. లింకులోంచి బయటికొచ్చి మళ్ళీ వెళ్ళింది. బొమ్మ వచ్చింది, మాట రాలేదు. "స్పీకరు కన్నాల్లో చేప పొలుసు గానీ అడ్డుపడిందేమో" అని అన్నపూర్ణ జాకెట్టు పిన్నీసు తీసిచ్చింది. ఆ అనుమానమూ తీసెయ్యదగ్గది కాదు, రోజూ చేపల మధ్య తిరిగే ఫోను అది. నిజంగానే ఒక పొలుసు ఊడొచ్చింది. మాట మాత్రం రాలేదు.

దివ్య కింద చిన్న గడిలో 'నో సౌండ్' అని కొట్టింది. ఎవరో జవాబిచ్చారు. "మిగతా అందరికీ బానే వినిపిస్తందంటండీ. తేడా మన దగ్గరే ఉందంట, ఓసారి చూసుకోమంటన్నారు."

"మన దగ్గర ఏం తేడా ఉందే? నెట్టు అయిపోయిందా?"

"నెట్టు లేకపోతే బొమ్మ మాత్రం ఎట్టా వస్తదండీ? ఆపి, మళ్ళీ ఆన్ చేస్తాను, ఉండండి."

ఫోను ఆరిపోయి వెలిగేలోపు అన్నపూర్ణ వెయ్యి దేవుళ్ళకి మొక్కింది. బయట బండిలో ఆ రెండు నిమిషాలూ చప్పుడు ఆగి, మళ్ళీ కుయ్యిమని కలిసింది. శివ తల తిప్పి ఇంటి వైపు చూశాడు, మళ్ళీ గోనె వైపు తిప్పుకున్నాడు.

తెర మీద ఇప్పుడు నాగలక్ష్మి లేదు. పడవ అంచున కూర్చుని కళ్ళు చికిలించి నవ్వుతున్న అమ్మన్న ఫోటో ఉంది. కింద ఒక గీత ఎగిరెగిరి పడుతూ కదులుతోంది.

"ఆయనే! ఆయన మాట్లాడుతున్నారే దివ్యా! సౌండు పెట్టవే, తొందరగా పెట్టవే తల్లీ!" అన్నపూర్ణ ఫోను లాక్కుని చెవికి ఆనించుకుంది. ఏమీ లేదు. కుదిపింది. మళ్ళీ ఆనించుకుంది. దివ్య కనబడిన బటనల్లా నొక్కింది. గీత ఎగిరి ఎగిరి చదునై ఆగిపోయింది. ఫోటో పోయి, అంకెల పట్టిక వచ్చింది.

అప్పుడు బయట బండి దగ్గర వినిపించింది ఇది.

"పోటు ఎప్పుడు తిరుగుద్దో నీళ్ళ మీద నురగ చెప్తాది... అదెట్టాగంటే..." దగ్గు. ఆయాసం. "ఇయ్యన్నీ నాకన్నా మా శివుడికే బాగా తెలుసు. ఆడు నీళ్ళకేసి ఓసారి చూసి వల ఎక్కడెయ్యాలో చెప్పేత్తాడు. నా దగ్గర నేర్చుకుని నన్నే దాటిపోయాడు. ఆడి ముందంటే తలకెక్కుద్దని ఎప్పుడూ అన్లేదు. ఆడి పేరు రాసుకోవే... రాసుకున్నావా?"

శివ చేతిలో గోనె జారిపోయింది. రామతులసి గిన్నె అక్కడే వదిలేసి, రొయ్యల నీళ్ళు కారుతున్న చేతులతోనే ఇంట్లోకి పరిగెత్తింది.

"వదినా! అన్నయ్య గొంతు! మీ బండిలోంచి వచ్చింది వదినా, నా ఒళ్ళు జలదరించిందనుకో!"

"బండిలోనా?" అన్నపూర్ణ లేచి నిలబడింది.

"ఆయ్, బండిలోనే. ఇందాకట్నించీ నాగలక్ష్మి ఇంగ్లీషంతా అందులోనే వస్తంది. నువ్వు తెలిసే పెట్టావనుకున్నాను."

శివ మైకు డబ్బా ఊడదీసి రెండు చేతుల్లో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. దాని స్విచ్చి కట్టేశాడు కాబోలు, అంతసేపూ మూగగా ఉన్న ఫోను ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరో ప్రొఫెసరు ప్రశ్న అడుగుతున్నాడు.

అన్నపూర్ణ కొడుకుని చూసింది. డబ్బాని చూసింది.

"నీకు ముందే తెలుసా?"

శివ తల దించుకుని డబ్బాకి అంటిన పొలుసు గోటితో గీకాడు.

"నేనిక్కడ పిన్నీసుతో పొడుచుకుంటా ఏడుస్తంటే, నీకు తెలిసే ఊరుకున్నావా?"

"నాన్న మాట ఉందని తెలీదమ్మా. నీ మీదొట్టు. తెలిస్తే..."

"చెల్లి మాటైతే మాత్రం నేను వినక్కర్లేదా?" ఆమె గొంతు వీధి దాకా వినిపించింది. "నా గొంతు ఊరూరా తిప్పుతావు. నీ పొట్ట కోసం, నీ పెళ్ళాం పొట్ట కోసం పదిమందీ వినాలి. మీ నాన్న గొంతు ఎదురింటావిడ వినింది, రొయ్యలు విన్నాయి. నేను వినలేదురా! ఆయన ఎట్టా మాట్లాడేవాడో నేను మర్చిపోయాన్రా. ఎవరికైనా చెప్పుకునే మాటేనా ఇది?"

దివ్య చెంగు నోట్లో కుక్కుకుంది. అన్నపూర్ణ నెమ్మదిగా నేల మీద కూలబడింది. "ఏవన్నాడు? అదైనా చెప్పు" అంది.

ఆ మాటలు శివ తన నోటితో ఎలా చెప్పుకుంటాడు? పదిహేనేళ్ళు ఎదురుచూసిన మాటలు. డబ్బా కింద పెట్టి, ఫోను ముందు గొంతుక్కూర్చుని, "మాట్లాడాలంటే ఏది నొక్కాలే?" అని పెళ్ళాన్ని అడిగాడు. ఆమె మైకు గుర్తు చూపించింది.

"చెల్లీ... నేను, అన్నయ్యని."

అటువైపు జవాబు చెబుతున్న నాగలక్ష్మి మధ్యలో ఆగిపోయింది. గడుల్లోని పెద్దమనుషులందరూ తలెత్తారు.

"నాన్న మాట అమ్మ వినలేదే. సౌండు బండిలోకి వచ్చేసింది. నాకు తెలిసీ చెప్పలేదు. తప్పు నాదే. అందరి ముందూ చెప్తన్నాను, ఆ రోజు నిన్ను అన్నది కూడా తప్పే. ఇంకొక్కసారి వెయ్యవా?"

ఒక ముసలి ప్రొఫెసరు ఏమిటని అడిగాడు. నాగలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

అమ్మన్న ఫోటో మళ్ళీ వచ్చింది. ఈసారి గీత కదులుతుంటే గొంతు వినిపించింది. నురగ గురించి, దగ్గు, ఆయాసం, మా శివుడికే బాగా తెలుసు, తలకెక్కుద్దని ఎప్పుడూ అన్లేదు. శివ గోడకి తల ఆనించి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"పుస్తకంలో నీ పేరు రాశానన్నయ్యా. నాన్న పేరు పక్కనే" అంది నాగలక్ష్మి.

"అది సరేగానీ, ఇంటికెప్పుడొస్తావే?" అన్నాడు శివ ఏడుస్తూనే.

అన్నపూర్ణకి అవేవీ వినబడలేదు. తెర మీద ఇంకా నవ్వుతున్న మొగుడికేసి చూస్తూ ఉంది. ఇన్నాళ్ళకి ఆయన గొంతు వింటే ఏమేమో చెప్పుకోవాలనుకుంది పాపం. తీరా నోట్లోంచి తిట్టే వచ్చింది.

"ఏవయ్యా, ఈ ఒక్క మాట కంచం ముందు కూర్చున్నప్పుడు ఆడితో అనుంటే నీ సొమ్మేం పోయేదయ్యా?"

ఎప్పటిలాగే ఆయన తిరిగి ఏమీ అనలేదు.