లసుమక్క ఆఖరి మాట

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి మంచు గని కాలనీలో పొద్దున్నే జనం లైను కట్టేది నీళ్లకు కాదు, గాలికి. ఎవరి డబ్బా వాళ్లు నింపుకుని షిఫ్టుకు దిగాలి. ఆ లైన్లో ఓదెలు వెనక ఎవరూ ఆనుకుని నిలబడరు. అతను నింపుకుని పోయాక పైపు మూతి తుడిచి మరీ తమ డబ్బా తగిలిస్తారు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు.

ఇందులో దాపరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్ల కిందట మూడో సొరంగం కప్పు కూలింది. కార్మిక సంఘం నాయకురాలు లసుమక్క లోపల చిక్కుకుపోయింది. సొరంగం తలుపు దగ్గర డ్యూటీలో ఉన్న ఓదెలు తలుపు మూసేశాడు. మూయకపోతే కాలనీ గాలంతా శూన్యంలోకి పోయేది, అది ఎవరూ కాదనరు. కానీ లసుమక్క రేడియోలో "ఆగుండ్రి, వస్తున్న" అన్నదని, అది వినీ మూశాడని రేడియో గదిలో ఉన్న ఆరుగురూ చెప్పారు. మూయమన్నది ఆమేనని ఓదెలు మొత్తుకున్నాడు. ఒక్కడి మాట ఎవడు వింటాడు?

ఆ మాటలు రికార్డయిన కంప్యూటర్ మెమరీ పెట్టె, ఎస్ఎస్‌డి, అదే రోజు చచ్చింది. కంపెనీ కొన్న చవక సరుకు మరి. దాని లోపలి కంట్రోలర్ చిప్ కాలిపోయింది. సంఘం ఆఫీసులో లసుమక్క ఫోటో కింద దాన్ని పెట్టి, ఏటా వర్ధంతికి బొట్టు పెట్టేవారు. దాన్ని చదివించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. తోచినవాడు ఓదెలు ఒక్కడే. భూమి మీదున్న ప్రతి ల్యాబుకూ మొర పెట్టుకున్నాడు. గని నుంచి దిగిపోయే వయసొచ్చింది, చచ్చేలోపు నలుగురిలో కూర్చుని తినాలని ఆశ. చివరికి కర్నూలు నుంచి నిగార్ సుల్తానా అనే శాస్త్రవేత్త వచ్చింది, తను కనిపెట్టిన సాక్షి యంత్రం వెంటేసుకుని.

ఆ యంత్రం సంగతి చెప్పాలి. ఎస్ఎస్‌డిలో తిరిగే చక్రాలుండవు, కోట్ల కొద్దీ బుల్లి అరలుంటాయి. ఏ అరలో ఎన్ని ఎలక్ట్రాన్లు బందీలుగా ఉన్నాయన్నదే రాత. కరెంటు లేకుండా పడేస్తే అవి మెల్లగా కారిపోతాయి. ఇరవై ఏళ్లకు నిండు అర సగమైంది, సగం అర అడుగంటింది. నిగార్ చిప్ పైపొర గీకి ఒక్కో అరనూ కొలిపిస్తే, ప్రతిదీ ఏడో ఎనిమిదో అని నసిగేదే. ఆ అనుమానాలన్నీ ఒక్కొక్కటిగా తేల్చాలంటే సూర్యుడు ఆరిపోయేదాకా కంప్యూటర్ ముందు కూర్చోవాలి.

అందుకే మనిషి కావాలి. ప్రతి బ్లాకు చివరా ఒక సరిచూపు సంకేతం ఉంటుంది, చెక్‌సమ్ అంటారు. బ్లాకులో ఏముందో విన్న మనిషి చెబితే, యంత్రం ఆ మాటను వేల రకాలుగా పలికించి, మిగిలిన ఎలక్ట్రాన్ల మీద పరిచి చూస్తుంది. మాట సరైనదైతే సంకేతం కలుస్తుంది, బ్లాకు తెరుచుకుంటుంది. తప్పుడు మాటకు ఎంత మొత్తుకున్నా తెరుచుకోదు.

మొదట్లో కాలనీకి ఇదొక జాతర. ఆ రోజు రేడియో నడిపిన రాజవీరు సైరన్ ఎట్లా మోగిందో చెప్పాడు, ఒక బ్లాకు తెరుచుకుని అదే సైరన్ మోగింది. క్యాంటీన్ పోచవ్వ ఆ పూట రేడియో గదిలోకి ఉరికొచ్చి మైకులో తను పెట్టిన కేకలు చెప్పింది, తన పడుచు గొంతు విని సిగ్గుపడింది.

ఆఖరి బ్లాకు మిగిలింది. రాజవీరు, పోచవ్వతో సహా ఆ ఆరుగురినీ నిగార్ ఒక్కొక్కరిగా గదిలోకి పిలిచి సాక్ష్యం రికార్డు చేసుకుంది. ఎవరేం చెప్పారో బయటికి చెప్పలేదు. బ్లాకు కదల్లేదు. ఓదెలును పిలిస్తే, నేరం చేసినవాడు సాక్షి ఎట్లా అవుతాడని గొడవ చేశారు. ఆమె వినలేదు.

"తమ్మీ, నువ్వు తలుపు మూయి, నా గురించి చూడకు" అన్నదని ఓదెలు చెప్పాడు. అరలు చాలావరకు ఒప్పుకున్నాయి. సంకేతం ఒప్పుకోలేదు. బ్లాకు తెరుచుకోలేదని తెలిసి బయట ఎవరో పగలబడి నవ్వారు.

నిగార్‌కు మాత్రం ఏదో తట్టింది. "ఆమె మామూలుగా కూడా ఇట్లాగే మాట్లాడేదా?" అని అడిగింది.

"ఆమె దేవత, మేడం."

"దేవత కాకముందు?"

బయట ఎవరైనా వింటున్నారేమోనని ఓదెలు తలుపు వైపు చూశాడు. "నోరు తెరిస్తె తిట్టే. సచ్చిపోయిన మనిషి మీద గా మాటలు ఎట్ల జెప్పాలె?"

"మాది కర్నూలు, తిట్లు మాకు కొత్త కాదు. మీరు చెప్పండి."

అతను కళ్లు మూసుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. ఈసారి సంకేతం కలిసింది. తర్వాత కాలనీ స్పీకర్లన్నింటిలో దుమ్ముకు దగ్గుతూ లసుమక్క అరిచింది:

"తలుపు మూయిరా బాడ్కావ్! నాకోసం సూస్తున్నవా? కాలనీల పోరగాండ్లు సస్తరు, మూయి!"

ఇరవై ఏళ్లు పూలదండ కింద నోరు మూయించిన మనిషి అట్లా మాట్లాడేసరికి పోచవ్వ నవ్వుతూనే ఏడ్చింది. నిగార్ అదే తిట్టును ఆ ఆరుగురి మాటలకూ తగిలించి చూసింది. వాటికి బ్లాకు తెరుచుకోలేదు.

ఆ సాయంత్రమే సంఘం సభ. ఓదెలును ఎత్తుకుని మరీ తీసుకొచ్చారు. మాకు మొదట్నుంచీ అనుమానమేనని ఒకడు, నేనెప్పుడూ నిన్ను ఒక్క మాట అనలేదని ఇంకొకడు. ఆగమన్నదని తను చెప్పనే లేదని పోచవ్వ ఒట్టేసింది. నటన కాదు. వాళ్లకు నిజంగానే అట్లా గుర్తుంది!

రాజవీరు లేచాడు. "అబద్ధమెందుకే? ఆగమన్నదనే చెప్పినం అందరం. పొద్దున గూడ నేను గదే చెప్పిన. ఆమె బతకాలని ఎంత అనుకున్ననో, నా చెవులకు గట్లనే ఇనబడ్డది."

"అంటే గా మాట పుట్టిచ్చింది నువ్వేనా?" అంది పోచవ్వ.

అంతే. అన్ని తలకాయలూ అటు తిరిగాయి. ఒప్పుకున్నవాడు ఒక్కడే కదా, దొరికినవాడూ వాడే. రాజవీరును సంఘం నుంచి తీసేయాలని తీర్మానం పెట్టారు. చేతులు లేస్తున్నాయి.

నిగార్ గబగబా ఓదెలు పక్కకు వచ్చింది. ఆరుగురి సాక్ష్యాలూ పేర్లతో సహా తన దగ్గర ఉన్నాయని, అందరూ ఒకటే చెప్పారని, అర్జీ పెట్టిన మనిషిగా అతను సరేనంటే ఇప్పుడే స్పీకర్లో వేస్తానని చెప్పింది.

ఓదెలు తన భుజాల మీదున్న చేతుల్ని చూసుకున్నాడు. ఎదురుగా ఒంటరిగా నిలబడ్డ రాజవీరునూ చూశాడు.

"వద్దు బిడ్డా" అంటూ తన చెయ్యి కూడా ఎత్తాడు. "ఇరవై ఏండ్లు నేనొక్కన్నే మోసిన. ఇంక వాడు మోస్తడు తీయి."