సోమయ్య సార్ స్వెట్టర్

పేపరు రాగానే ప్రేమలత తిప్పేది లోపలి పేజీకే. రాజకీయాలు ఆమెకు పట్టవు, బంగారం ధర అసలే పట్టదు. పేజీ అడుగున ఉండే పజిల్ కావాలి. జనవరి చలిలో వాకిట్లో కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, పెన్సిల్‌తో నిలువు గళ్లన్నీ నింపింది. అడ్డం ఆధారాల వైపు కన్నెత్తి చూడలేదు. నిలువు అక్షరాలు పడ్డంత మేర అడ్డం మాటలు కొన్ని సగం సగం తేలాయి. మిగతా గళ్లు ఖాళీగా ఉండగానే పేపరు మడిచి పాత పేపర్ల దొంతర మీద పెట్టేసింది.

అడ్డం ఆమెది కాదు, భర్త సోమయ్య సార్‌ది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. మనిషే లేనప్పుడు ఇంకా వాటా ఏమిటని ఎవరైనా అడగొచ్చు. ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడుక్కోలేదు.

ఆ వాటా ఇప్పటిది కాదు. పెళ్లయిన కొత్తలో ఇద్దరికీ ఇథియోపియాలో టీచరు ఉద్యోగాలు వచ్చాయి. ఆయన లెక్కలు, ఆమె ఇంగ్లీషు. చార్మినార్ దాకా పోతేనే పెద్ద ప్రయాణం అనుకునే రైతుల ఇంటి పిల్లలు విమానమెక్కి ఎక్కడో కొండల మీది ఊళ్లో దిగారు. అక్కడి చలి ఎముకలు కొరికేది. ఇంటి ఓనరమ్మ అల్మాజ్ గొర్రె ఉన్ని వడికి దారం తీసి, ప్రేమలత చేతికి రెండు సూదులిచ్చి అల్లడం నేర్పింది. పాల్మాకుల నుంచి ఆడబిడ్డ చంద్రమ్మ భర్త గోపయ్య తెలుగు పేపర్లు కట్టగట్టి పోస్టులో పంపేవాడు. అవి నెల దాటాక చేరేవి. పేపరు ఒకటి, ప్రాణాలు రెండు. పజిల్ కోసం రోజూ కొట్లాడలేక ఆయన అడ్డం, ఆమె నిలువు అని పంచుకున్నారు. ఒకరి గళ్లలో ఒకరు చెయ్యి పెట్టకూడదు. ఆయన మాత్రం "టీచరమ్మా, మూడో అక్షరం ఏందో జర చెప్పు" అంటూ సగం జవాబులు ఆమె నోటి నుంచే లాగేవాడు. పెద్ద దొంగ.

అక్కడి బడిలో పిల్లలు ఏం చెప్పినా "ఇషీ టీచర్" అని ఒక్క గొంతుతో అనేవాళ్లు. వాళ్ల భాషలో ఇషీ అంటే సరే అని. ఎనిమిదేళ్ల తర్వాత తిరిగొచ్చినా సోమయ్య సార్ ఆ మాటను వదల్లేదు. పాలవాడు రేపు రానన్నా ఇషీ, పెళ్లాం స్నానం చెయ్యమన్నా ఇషీ. ఆయన పోయాక ఆ ఇంట్లో ఆ మాట వినపడలేదు.

"అత్తమ్మా, ఉప్మా తినుండ్రి. చల్లారుతది" అంటూ కోడలు అనుపమ ప్లేటు తెచ్చింది. ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటరు ఉద్యోగం ఆమెది. పొద్దుటి డ్యూటీకి యూనిఫాం చీరకు పిన్నులు పెట్టుకుంటూనే అడిగింది. "ఉప్పెక్కువైందా ఏంది?"

"బాగుంది బిడ్డా."

నిజానికి ఉప్మా నోట్లో పెట్టలేనంత ఉప్పగా ఉంది. ఆ సంగతి ప్రేమలత నాలుకకు తెలిసింది, లోపలికి మాత్రం చేరలేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఉండీ లేనట్టుంటుంది చూడండి, ఏడాదిగా ఆమె మనసంతా అట్లాగే ఉంది. శవాన్ని లేపిన రోజున కూడా ఏడుపు రాలేదు. రాని ఏడుపును ఎక్కడి నుంచి తెచ్చేది? బంధువులు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనిచ్చింది. మొన్న పక్క గదిలో కొడుకు శేఖర్, అనుపమ గుసగుసలాడుకుంటుంటే గోడ ఇవతలికి వినపడింది. సంవత్సరీకం అయిపోగానే బడంగ్‌పేట్‌లో ఇల్లు కిరాయికి తీసుకుని వెళ్లిపోతారట. ఒక్కగానొక్క కొడుకు ఇల్లు విడిచిపోతానంటే ఏ తల్లి గుండె అయినా జల్లుమంటుంది. ప్రేమలత అటు తిరిగి పడుకుంది.

ఒక్కచోట మాత్రం ఆమెలో ఏదో మిణుకుమనేది. బీరువాలో సోమయ్య సార్ స్వెట్టరు ఉంది. అల్మాజ్ వడికిన గోధుమరంగు దారంతో ప్రేమలత అల్లిన మొదటి స్వెట్టరు అది. ఒక చెయ్యి కాస్త పొడుగు. అయినా ప్రతి చలికాలం లుంగీ మీద అదే తొడుక్కుని ఆయన వీధిలో తిరిగేవాడు. రోజూ మధ్యాహ్నం అందరూ బయటికి పోయాక ప్రేమలత బీరువా తెరిచి ముఖం అందులో పెట్టేది. నశ్యం వాసన, ఆయన వాసన. బీరువా మూయగానే మళ్లీ మామూలే.

సంవత్సరీకం ఎల్లుండి అనగా ఆ మధ్యాహ్నమే చంద్రమ్మ పాల్మాకుల నుంచి దిగింది. సోమయ్య సార్‌కు తోడబుట్టిన అక్క. నోరు పెద్దది, మనసు ఎంతటిదో దేవుడికి తెలియాలి. వస్తూనే ప్రేమలత చేతిలోని అల్లికను పట్టి చూసింది.

"ఏం పిల్లా, ఇంకా అల్లుతనే ఉన్నవా? గిది మఫ్లరా, బాయి చేంతాడా?"

మఫ్లరు మంచం పొడుగు దాటి నేల మీదికి జారింది నిజమే. ఎవరికోసమో, ఎక్కడ ఆపాలో ప్రేమలతకు తెలియదు. చేతులు ఆగితే ఏం చేయాలో తెలియక అల్లుతోంది. అప్పటికి డ్యూటీ నుంచి వచ్చిన అనుపమను కూర్చోబెట్టుకుని చంద్రమ్మ ఏర్పాట్లు మొదలుపెట్టింది. ఫోటో ముందు ఏం పెట్టాలి, ఎవరిని పిలవాలి, ఏం వండాలి. ప్రేమలత వరుసలో కుట్లు లెక్కపెడుతోంది. మధ్యలో అనుపమ దగ్గరికొచ్చి ఏదో అడిగింది. ప్రేమలత "ఊ" అంది. అది కూడా అలవాటే.

సాయంత్రం నడకకు బయల్దేరింది. కాలనీ చివర రోడ్డు మలుపులో నిలబడితే దిగే విమానాల పొట్టలు కనిపిస్తాయి. ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో సోమయ్య సార్ ప్రతి విమానాన్నీ వేలుపెట్టి చూపేవాడు. "గది మనూరికే టీచరమ్మా" అనేవాడు. మనూరంటే ఆ కొండల మీది ఊరు. "అది దిగుతుంది సార్, పోతలేదు" అని ఆమె అంటే "అట్లయితే మనూరికెంచి వస్తుంది. అల్మాజ్ దిగుతదేమో చూడు" అనేవాడు. ఇవాళా ఒకటి దిగింది. ప్రేమలత దాన్ని చూసి వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చేసరికి అనుపమ మేడ మెట్ల దగ్గర నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనక దండెం మీద శేఖర్ షర్టుల పక్కన గోధుమరంగులో ఏదో వేలాడుతోంది. చిన్న పిల్లవాడికి సరిపోయేంత ఉంది. దళసరిగా, గొంగడి ముక్కలా బిగుసుకుపోయి ఉంది. ఒక చెయ్యి కాస్త పొడుగు.

"అత్తమ్మా, పాల్మాకుల అత్తమ్మ మామయ్యకు ఇష్టమైనయి ఫోటో ముంగట పెట్టాలన్నది. మాసిన బట్ట పెట్టొద్దన్నది. ఉతుకుదునా అని మిమ్ములనడిగితే ఊ అన్నరు. నశ్యం మరకలు పోతయని వేన్నీళ్లు పోసి మిషిన్ల ఏసిన. గిట్లయితదని నాకు తెల్వదు."

చలికాలం నాలుగు రోజులు మహా అయితే శాలువా కప్పుకునే ఊళ్లో, ఉన్నిని వేడినీళ్లలో వేయకూడదని ఎవరికి తెలుస్తుంది? ప్రేమలత దండెం వంక చూసింది. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకు లోపలెక్కడో కొంచెం భయం వేసింది.

"పోనీ బిడ్డా. ఏం కాదు" అని లోపలికి నడిచింది.

అప్పుడే ఇంటికొచ్చిన శేఖర్ ఊరుకోలేదు. "నీకు బుద్ధుందా? బాపు స్వెట్టరది! ఒక్కటంటే ఒక్కటి మిగిలింది!" అని పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. చంద్రమ్మ మూతి తిప్పింది. "దాన్నెందుకు అంటవు కొడుకా? మీ అమ్మకే లేని బాధ దానికెందుకు? మొగుడు పోతే కంట నీటి సుక్క రాలే. రాయి, రాయి!"

"జర ఆగుండ్రి ఇద్దరు!"

అనుపమ అంత గట్టిగా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. తడి స్వెట్టరు దండెం మీద నుంచి లాక్కొచ్చి అత్తగారి ముందు నిలబడింది.

"తిట్టుండ్రి అత్తమ్మా నన్ను. ఒక్కసారన్న తిట్టుండ్రి. ఇదివరకు చాయల చక్కెర తక్కువైతే వాడంతా వినబడేటట్టు తిట్టేటోళ్లు. ఇప్పుడు ఉప్పుకల్లు వండిపెట్టినా బాగుందంటరు. మామయ్య స్వెట్టరు ఖరాబు చేసినా ఏం కాదంటరు. నేను ఈ ఇంట్ల మనిషినా, గోడనా?"

"అనూ, ఇగ చాలు" అన్నాడు శేఖర్.

"చాలదు! మామయ్య పోయిన్నాడు డ్యూటీలకెంచి ఉరికొచ్చిన. ఏడుపు గొంతు దాంక వచ్చింది. మీరు సుక్క నీళ్లు లేకుండ కూసున్నరు. కట్టుకున్నామె ఏడుస్తలేదు, కోడలు ముందుగాల ఏడుస్తే నాటకం అనరా? మింగిన. మీ కొడుకేం చేస్తడో తెల్సా? బాత్రూంల నల్ల ఇప్పుకొని ఏడుస్తడు. ఏడాది సంది. మాకు ఈ ఇంట్ల ఏడ్చే జాగ లేదత్తమ్మా. గందుకే బడంగ్‌పేట్ పోదామనుకున్నం. మీ మీద కోపంతోని కాదు."

శేఖర్ తల దించుకున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి తప్పుచేసి దొరికిన పిల్లవాడిలా గోడకు ఆనుకున్నాడు.

ప్రేమలత కొడుకు వంక చూసింది. రోజూ పొద్దున బాత్రూంలో నల్ల ధార శబ్దం ఆమెకు వినపడుతూనే ఉండేది. నీళ్లు వృథా చేస్తున్నాడనుకుంది, అంతే. ఏడాదిగా ఏడవడమూ మానడమూ తన సొంత వ్యవహారం అనుకుంది. ఇంటి పెద్ద దుఃఖానికి తలుపు మూసుకుని కూర్చుంటే మిగతావాళ్లంతా బయటే నిలబడిపోయారు. ఆ సంగతి ఇప్పుడు తెలిసింది.

అనుపమ చేతిలోంచి స్వెట్టరు తీసుకుంది. ముఖానికి ఆనించుకుంది. సబ్బుపొడి వాసన. ఇంకోసారి గట్టిగా పీల్చింది. సబ్బుపొడి వాసనే. స్వెట్టరు చేతిలో తన చెయ్యి దూర్చబోతే వేళ్లు కూడా పూర్తిగా పోలేదు.

"ఊలును ఎవరన్న వేన్నీళ్లల్ల ఏస్తరా? ఆ? మిషిన్ల గిరగిర తిప్పుతరా? చల్లనీళ్లల్ల ముంచాలె, పిండొద్దు, నీడల పరువాలె! ఇంత సదువు సదివినవు, గింత తెల్వదా నీకు?" గొంతు పెరిగింది. "చలికాలమంతా అల్లిన! కరెంటు లేకుంటే కిరసనాయిలు బుడ్డి కాడ కూసోని అల్లిన! ఒక చెయ్యి పొడుగైతే ఇప్పుతనంటే ఇప్పనియ్యలే ఆ మనిషి. మంచిగనే ఉంది టీచరమ్మా అన్నడు. ఛాతికి చలి తగలొద్దని అల్లిన. ఛాతికి..."

ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఆయన పోయింది ఛాతినొప్పితోనే.

"చెప్పకుండ పోయిండు! అడ్డమంతా నా మీద పడేసి పోయిండు!" అంది. ఇక మాట రాలేదు, ఏడుపు వచ్చింది. ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చే ఏడుపు కాదు. వెక్కిళ్లు, ఎగశ్వాస, ముక్కు కారడం. చిన్నపిల్ల ఏడ్చినట్టు సిగ్గులేకుండా ఏడ్చింది. అనుపమ ఆమెను గట్టిగా పట్టుకుంది. "తిట్టుండ్రి అత్తమ్మా, ఇంకా తిట్టుండ్రి" అంటూ తనూ ఏడుస్తోంది. శేఖర్ వచ్చి ఇద్దరి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఈసారి నల్ల చప్పుడు లేదు.

చంద్రమ్మ మెల్లగా వచ్చి కింద పడ్డ స్వెట్టరు తీసింది. తన రొమ్ముకు ఆనించి పరిచి చూసుకుంది.

"గింతనే ఉండె" అంది.

ముగ్గురూ తలెత్తారు.

"గింతనే ఉండె నా తమ్ముడు. అమ్మ నాటుకు పోతే నేనే చంకలేసుకొని తిప్పిన. పొలం గట్టుకు ఎత్తుకపోయిన. గీ చెయ్యి గింతనే ఉండె." పొడుగు చేతిని నిమిరింది. "మీకు సార్ అయిండు. నాకు గింతనే."

ప్రేమలతకు తెలిసిన సోమయ్య పెళ్లినాటి సోమయ్య. అంతకుముందు ఒకడుండేవాడని, వాడిని మోసిన చంక ఒకటి ఉందని ఆమె ఏనాడూ ఆలోచించలేదు. లేచి వెళ్లి ఆడబిడ్డ పక్కన చతికిలబడింది. "ఇంకేం చేసేటోడు వదినె?" అని అడిగింది. చంద్రమ్మ కళ్లు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఆ రాత్రి వంట ఎవరూ చేయలేదు.

సంవత్సరీకం నాడు ఫోటో ముందు నశ్యం డబ్బా, కళ్లద్దాలు, ఆ పక్కన చిన్న స్వెట్టరు పెట్టారు. వచ్చినవాళ్లు ఇదేందని అడిగితే చంద్రమ్మే కథంతా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఏడ్చింది. వెళ్లేటప్పుడు ప్రేమలత ఆ స్వెట్టరును ఆమె సంచిలోనే పెట్టి పంపింది. బడంగ్‌పేట్ మాట శేఖర్ ఇక ఎత్తలేదు.

మర్నాడు పొద్దున అనుపమ డ్యూటీకి బయల్దేరబోతూ చాయ్ తెచ్చింది. మెడలో గోధుమరంగు కాదు, ఆకుపచ్చ ఊలు మఫ్లరు. రాత్రే ప్రేమలత దాని చివరి కుట్లు ముడి వేసింది. అంత పొడుగు మఫ్లరు నాలుగు చుట్లు చుట్టుకున్నా ఇంకా మోకాళ్లకు తగులుతోంది. ప్రేమలత చాయ్ ఒక గుటక తాగి మొహం చిట్లించింది.

"చక్కెర డబ్బాకు తాళం ఏసినవా ఏంది?"

అనుపమ నవ్వింది. ప్రేమలత పేపరు మడిచి, అట్టతో సహా ఆమె చేతిలో పెట్టింది. నిలువంతా నిండి ఉంది.

"బస్సుకు టైముంది గద. అడ్డం ఒకటి చూడు."

"నాకు రాదత్తమ్మా."

"రాకుంటే నేర్చుకో. పెన్నుతోని రాయకు, తప్పయితే చెరపరాదు. మూడో అక్షరం నేను చెప్తలే."

అనుపమ పెన్సిల్ అందుకుని గళ్ల మీదికి వంగింది. "ఇషీ టీచర్" అంది.