జిగురు అట్ట

“సంపీసినా బాగుండును. మీరు దీన్ని అతికించి వదిలీసారు. పేణంతోనే.”

రాజాం బజారులో, పట్టపగలు, పదిమంది బేరగాళ్ల ముందు ఆ పిల్ల ఒక అట్ట తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. అట్ట నిండా జిగురు. జిగురులో బొటనవేలంత చుంచెలుక. నాలుగు కాళ్లూ, ఒక చెంపా అంటుకుపోయాయి. డొక్కలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

కౌంటర్ వెనకున్నది దేవేంద్ర. ఆ కొట్టు అతని మేనమామ జగన్నాధానిది. తండ్రి పోయాక చేరదీసి, చదివించి, కొట్టు అప్పజెప్పిన మనిషి. ఎలుకల గమ్ ప్యాడ్లు అక్కడ సబ్బులకంటే జోరుగా పోతాయి. అవి ఇళ్లకు వెళ్లి ఏం చేస్తాయో దేవేంద్ర ఒక్కసారీ చూడలేదు. అమ్మేవాళ్లెవరూ చూడరు. తయారుచేసేవాళ్లు అసలే చూడరు. అదే వాళ్ల సుఖం.

కొన్నది మీరే కదండీ అన్నాడు.

“నేనే. కస్టమర్ జాకెట్టు గుడ్డ ఎలక కొరికీసిందని కొన్నాను. విషం లేదు, సేఫ్ అని రాసుంటే నమ్మీసాను. తప్పు నాది కూడా. మరి నీది?”

ఆమె పేరు దుర్గాభవాని. వెనక వీధిలో టైలరింగ్ షాపు నడుపుతోంది.

ఒకసారి ప్యాడు చిరిగి తన చేతికి జిగురంటితే వంటనూనెతోనే వదిలిందని దేవేంద్రకు గుర్తొచ్చింది. నూనె ప్యాకెట్టు చించాడు. దూదితో చుక్కచుక్కగా చుంచెలుక కాళ్ల కిందా చెంప కిందా తడిపాడు. ఆమె వంగి దాని వీపు మీద వేలు ఆనించింది. బయట వాన పట్టుకుంది. బేరగాళ్లు నవ్వుకుంటూ జారుకున్నారు. ముప్పావుగంట పట్టింది. నాలుగో కాలు జిగురు వదిలేసరికి అతని వేలూ ఆమె వేలూ ఒకే జిగురులో ఇరుక్కున్నాయి. ఇద్దరూ తొందరపడలేదు.

ఆమె షాపులో, గుడ్డపీలికల అట్టపెట్టెలో చుంచెలుక కోలుకుంది. రోజూ సాయంత్రం దాన్ని చూడ్డానికి దేవేంద్ర వచ్చేవాడు. మూడోరోజు తీసుకెళ్లి చెరుకుతోట గట్టున వదిలేశారు. నాలుగోరోజూ వచ్చాడు. ఎలక లేదు గదా, ఇప్పుడేటి వంక అని అడిగింది భవాని. చొక్కా గుండీ ఊడిందన్నాడు. ఊడలేదు, పీక్కుని వచ్చాడు. దారం చూస్తే టైలరుకు తెలియదా?

గుండీ కుట్టి, దారం పంటితో తెంపి, తల ఎత్తకుండానే చెప్పింది.

“నువ్వంటే నాకిష్టమే. ఆ ప్యాడ్లమ్మినోడితో మాత్రం కాపరం సెయ్యలేను.”

పెంచిన మామకు ఎదురు చెప్పాలి. దేవేంద్ర రెండురోజులు దాటేశాడు. మూడోరోజు పొద్దున్న, కొట్టు తీస్తూనే, ప్యాడ్లు ఇక వద్దన్నాడు.

జగన్నాధం కళ్లజోడు తీశాడు. బజారు మాట అతని చెవినా పడింది. “ఎలక కోసవాఁ, పిల్ల కోసవాఁ?”

“మొదట పిల్ల కోసమే మావా. ఇప్పుడు రెంటి కోసమూను.”

ఎలకలొచ్చినోళ్లకి ఏటి అమ్ముతావురా అన్నాడు మామ. బోన్లు అమ్ముతాను, మూతుండే డబ్బాలు అమ్ముతాను, గోడ కన్నాలు పూడ్సుకోమని సెప్తాను అన్నాడు దేవేంద్ర. జగన్నాధం స్టూలెక్కి తానే ప్యాడ్ల కట్ట దింపాడు.

“ఆ పిల్లని ఇంటికి తీసుకురా. మీ అత్త సూస్తాది.”

దేవేంద్ర పరుగున వెళ్లి చెప్పాడు. భవాని మిషను ఆపింది. కళ్లొత్తుకుంది. లేచి చెప్పులేసుకుంది.

“మీ కొట్టొక్కటేనా? ఈ బజార్లోనే ఇంకో ఐదు కొట్ల ముందు ప్యాడ్లు ఏలాడతన్నాయి. పద.”

“మరి మన పెళ్లి మాట?”

“నడుస్తా మాటాడుకుందుం. ముందు ఆళ్లని దింపమను. రేపు కాదు, ఇప్పుడే. రేపంటే ఈలోగా ఇంకోటి అంటుకుంటాది.”