పుల్ల గుచ్చిన దుంప

"అత్తయ్యా... ఇందాక రెండు దుంపలకు పుల్లలు గుచ్చి పెట్టాను. ఏవీ ఆ పుల్లలు?!"

కోడలు కంగారుగా పళ్లెం చుట్టూ వెతికింది. భోజనాల బల్ల మీద పెద్ద పళ్లెంలో ఆరు కాల్చిన బంగాళాదుంపలు, పొట్టల నిండా కూర పెట్టుకుని పొగలు కక్కుతున్నాయి. ఆరూ ఒక తల్లి బిడ్డల్లా ఒకే తీరుగా ఉన్నాయి!

"పీకి పారేశాను," అంది అత్తగారు చేతులు తుడుచుకుంటూ. "ఉడికాయో లేదో చూసి, తీయడం మరిచిపోయావనుకున్నా. పాప నోట్లో గుచ్చుకుంటేనో?"

ఆ రెండూ మామగారివి! ఉప్పు రవ్వంతైనా వేయని చప్పిడివి! ఆరు నెలల్లో రెండోసారి కాళ్లు వాచి, ఊపిరాడక ఆసుపత్రిలో పడి, నిన్ననే ఇంటికొచ్చిన మనిషి ఆయన. "ఆయన గుండెకు ఉప్పే శత్రువు. మళ్లీ ఒంటికి నీరు పడితే నా చేతిలో లేదు," అని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. అప్పుడు అత్తగారు పదిమందిలో అన్న మాట... "వంట ఎవరి చేతిలో ఉందో వాళ్లనే అడగండి!" ఆ మాట ఇంకా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

అందుకే ఈరోజు కుట్టు దుకాణంలో ఒక పూట సెలవు పెట్టి వచ్చింది. దుంపలు కడిగి, ఫోర్కుతో పొడిచి, ఓవెన్‌లో గంటసేపు కాల్చింది. చీల్చి, గుజ్జు తీసి, ఉడికించిన చిక్కుడు గింజలు, గట్టి పెరుగు, ఉల్లికాడలు, మిరియాల పొడి కలిపింది. చప్పిడిది ముందే వేరు చేసి రెండు దుంపల్లో కూరి పుల్లలు గుచ్చింది. మిగతా నాలుగింటికీ కలిపి వేసింది చిటికెడు ఉప్పు. మళ్లీ ఓవెన్‌లో పెట్టి, అవి దించే వేళకు మామగారిని లేపడానికి గదిలోకి వెళ్లడమే ఆమె చేసిన తప్పు!

మామగారికి రెండు ఎందుకంటే, ఆయన ఎప్పుడూ మారు అడుగుతారు. ఇన్నాళ్లూ పెద్దవాళ్లిద్దరికీ గదిలోకే పంపేది, ఆయనకు చప్పిడి కంచం, అత్తగారికి మామూలు కంచం. ఆయన కంచం ఖాళీ అయి మళ్లీ వచ్చేది. అత్తగారిది మాత్రం వెళ్లింది వెళ్లినట్టే తిరిగొచ్చేది. "ఇది కూరా, ఉప్పు కషాయమా?!" అనే వంక దానికి తోడు! అత్త మెచ్చిన కోడలు లేదులే అని కళ్లు తుడుచుకుని ఊరుకునేది పాపం...

గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది. ఏడున్నరకల్లా ఆయన తిని మాత్ర వేసుకోవాలి! కోడలు ఆత్రంగా చెంచా కొసతో ఒక్కొక్కటీ రుచి చూసింది. నాలుగు రోజుల జలుబు! నాలుక చెక్కలా ఉంది.

"ఏవండీ, మీరు చూడండి... త్వరగా!"

బస్సు నడిపి వచ్చి అప్పుడే కూర్చున్న భర్త ఆరూ రుచి చూసి తల గోక్కున్నాడు. "అన్నీ ఒకేలా ఉన్నాయే! చిటికెడు ఉప్పు నాలుగింటికి పంచితే ఏం తెలుస్తుంది?"

"నాకూ తెలీలేదమ్మా," అంది పాప మూతి నాకుకుంటూ.

"పారేస్తాను! మళ్లీ చేస్తాను! మామయ్యకేమన్నా అయితే నేను బతకలేను..." కోడలు భోరుమంది.

"గంటన్నర పడుతుందే! మాత్ర సంగతి?" అంటూ అత్తగారు ముందుకొచ్చింది. "చెంచా ఇటివ్వు."

మొదటిది నోట్లో పెట్టగానే ముఖం చిట్లించింది. "ఉప్పు!" రెండోది... "ఉప్పే." మూడోది చప్పరించి పక్కకు జరిపింది. "ఇది చప్పిడి." నాలుగు, అయిదు ఉప్పువి. ఆరోది చప్పిడి. క్షణం కూడా తడుముకోలేదు!

"మాకెవరికీ తెలియలేదు... మీకెలా తెలిసింది అత్తయ్యా?"

అత్తగారు తల తిప్పేసుకుంది. గోడ పట్టుకుని మెల్లగా వచ్చిన మామగారు కుర్చీలో కూలబడ్డారు.

"ఆరు నెలలుగా చప్పిడి తింటున్న నాలుకమ్మా అది! మొదటి రోజు నేను కంచం తోసేశాను. 'మీరు తినేదే నేనూ తింటాను, పదండి' అని నా కంచంలో చెయ్యి పెట్టింది. మారు నాకోసమే అడిగాననుకున్నావా పిచ్చితల్లీ?"

"ఊరుకోండి! అదేమన్నా చెప్పుకునే సంగతా?" అని కసిరింది అత్తగారు. అంతలోనే కోడలి వైపు తిరిగింది. "నీ వంటలో ఉప్పెక్కువని నిజంగానే అనుకున్నానే... మునుపు ఆ ఉప్పు తినే ఆయనకిలా అయిందని ఆసుపత్రిలో అంత మాట అనేశాను. మారింది నా నాలుకే అని తట్టనే లేదు! నన్ను క్షమించవే అమ్మా..."

"అంత మాట అనకండి అత్తయ్యా!" కోడలు ఆమె చేతులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, ఒక చప్పిడి దుంప మామగారి కంచంలో వేసింది. రెండోది అత్తగారి కంచంలో పెట్టి, దానికి కొత్త పుల్ల గుచ్చింది.

"ఇకనుంచి మీది మీకే వస్తుంది. ఎవరి కంచంలోనూ దొంగతనంగా తినక్కర్లేదు."

అత్తగారు తలవంచుకుని ఒక ముద్ద తింది. కళ్ల నీళ్లు కంచంలో పడుతున్నా మళ్లీ పెదవి విరిచింది.

"మిరియాలు ఎక్కువయ్యాయే..."