మా వైపు రేకు

నాకు అన్నిటికన్నా భయం, వినబడుతున్న చప్పుడు ఆగిపోవడం. పాముకి భయపడను, కొల్లేటి గట్టు మీద పెరిగినదాన్ని. ఉరుముకీ భయపడను. కానీ ఉయ్యాలలో పిల్లాడి ఊపిరి వినబడకపోతే చేతిలో గరిటె అక్కడే పారేసి పరిగెత్తుతాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వాడు ఉలిక్కిపడి ఏడిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది, మా ఆయనకి నవ్వొస్తుంది.

ఇలాంటి నేను, చప్పుడు ఆపడమే పనిగా బతికే మనిషిని చేసుకున్నాను. అదెలా జరిగిందో చెబుతాను.

అమ్మ పోయాక తొమ్మిదో తరగతిలో బడి మానేసి మేనత్త సుందరమ్మ దగ్గరికి వచ్చాను. అత్త శ్రీహరి గారి చేపల చెరువుకి కాపలా. గట్టు మీద పాక మాది. పని ఉన్నంతకాలమే పాక, పని పోతే అదీ పోతుంది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డుకీ, చెరువు ఇంజను షెడ్డుకీ మధ్యన ఉంటుంది. మబ్బు పట్టిన రోజు నీళ్లలో గాలి చాలక చేపలు పైకి తేలతాయి. అప్పుడు డీజిలు ఇంజను వేసి నీళ్లు ఎత్తి పోస్తూనే ఉండాలి. ఆ దడదడకి మా గూట్లో గ్లాసులు కదిలేవి. ఆ చప్పుడులోనే వంట, ఆ చప్పుడులోనే కునుకు. ఆగిందంటే మాత్రం ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చునేవాళ్లం. చెరువుల మీద బతికేవాళ్లందరికీ ఇదే అలవాటు.

నాకు ఇరవై నిండిన ఏడు శ్రీహరి గారు షెడ్డుకి అవతల, చేపలు కొనేవాళ్లు కూర్చోడానికి ఒక గది కట్టించారు. ఇంజను వేస్తే వాళ్ల సెల్లుల్లో హలో హలో తప్ప ఇంకో మాట నడిచేది కాదు. అందుకని తాడేపల్లిగూడెం నుంచి ఎడ్విన్‌ని పిలిపించారు. వ్యాన్లకీ జనరేటర్లకీ చప్పుడు తగ్గించే షీట్లు అంటించే షాపులో పని అతనిది. తమాషా ఏమిటంటే, అతని మోపెడ్ చప్పుడు మాత్రం రోడ్డు మీది వంతెన అవతలి నుంచే వినబడేది.

వచ్చీ రాగానే మా గుమ్మంలో నిలబడి, ఏవండీ, ఒక స్టీలు పళ్లెం ఇస్తారా అన్నాడు. ఆకలేస్తోంది కాబోలనుకుని అన్నం పెట్టి, చేపల పులుసు పోసి ఇచ్చాను. అతను పళ్లెం వంక చూశాడు, నా వంక చూశాడు. కూర్చుని తిన్నాడు. పళ్లెం కడుక్కొచ్చి, అప్పుడు స్పానరుతో ఒక్కటి కొట్టాడు. ఖంగుమని మోగింది. తర్వాత దాని వెనక తారులాంటి నల్లటి షీటు అంటించి, పైన వెండి రంగు రేకు ఒత్తి మళ్లీ కొట్టాడు. తప్ మంది, అంతే.

"రేకు ఒక్కటే ఉంటే అదురుతుందండి. రెండు రేకుల మధ్య మెత్తటిది పెడితే ఆ అదురుని అది మింగేస్తుంది" అన్నాడు.

"బాగానే ఉంది. మరి నేను దేంట్లో తినాలండీ?" అన్నాను.

తీసేస్తానని గోళ్లతో గీకాడు. అది రాలేదు. లోపలి నుంచి అత్త, ఆ షీటు కాస్త మిగిలితే మా అమ్మాయి నోటికి అంటించు బాబూ అంది.

"వద్దండి. ఆ చప్పుడు బాగానే ఉంది" అన్నాడు తల వంచుకుని. చెవులు ఎర్రబడటం నేను చూశాను.

ఆ వారమంతా పని చేశాడు. ఇంజను కింద రబ్బరు దిమ్మలు పెట్టాడు. చుట్టూ రేకుల పెట్టె కట్టి, నాలుగు వైపులా షీటు మీద షీటు అంటించాడు. ఒక్కో రేకునీ వేలితో తట్టి, విన్నారా అన్నట్టు పాక వైపు చూసేవాడు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు ఉండేదాన్ని. అత్త మాత్రం, ఆ బియ్యంలో రాళ్లు నిన్ననే అయిపోయాయే అనేది.

పని పూర్తయ్యాక ఇంజను వేస్తే, చెరువు మీద పడే చినుకులు వినబడ్డాయి. ఏదో బహుమానం తెచ్చినవాడిలా నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, గూట్లో గ్లాసులు కదలకపోతే ఎందుకో భయమేసి, వెళ్లి వాటిని వేలితో తాకి చూశాను.

అనుకున్నంతా అయింది. మళ్లీ మబ్బు పట్టిన రోజు ఇంజను వేసి, అన్నం తిని అత్త పడుకుంది. నేను చేట పట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి కొంగలు గట్టు మీద వరసగా దిగాయి. వెళ్లి చూస్తే బొచ్చె చేపలు నోళ్లు తెరుచుకుని పైకొచ్చేశాయి. ఇంజను ఎప్పుడు ఆగిందో మాకు తెలియనే లేదు. అత్తా నేనూ హ్యాండిలు తిప్పి తిప్పి మళ్లీ వేసేసరికి ఒడ్డు పొడుగునా తెల్లటి పొట్టలు.

శ్రీహరి గారు అరిచే మనిషి కాదు. "ఇంకోసారి ఇలా అయితే వేరే మనుషుల్ని చూసుకుంటాను సుందరమ్మా" అన్నారు మెల్లిగా. అరిచినా బాగుండేది.

కబురు విని ఎడ్విన్ వచ్చాడు. అతను నోరు విప్పకముందే, మీరు మింగింది చప్పుడు కాదండీ, మా కూడు అన్నాను. మోపెడ్ తిప్పుకుని వెళ్లిపోయాడు. రోజులు గడిచాయి, రాలేదు. ముందు కోపంతో ఉన్నాను. తర్వాత వంతెన వైపు చెవి పెట్టుకుని ఉన్నాను. ప్రతి మోపెడ్‌కీ గుమ్మంలోకి వస్తుంటే అత్త చూడనట్టు తల తిప్పుకునేది. ఎప్పటిలా వెక్కిరించకపోవడం ఇంకా సిగ్గుగా ఉండేది.

జోరున వాన పడుతున్న ఒక మధ్యాహ్నం అతని మోపెడ్ చప్పుడు వచ్చింది. మనిషి పలకరించకుండా నేరుగా షెడ్డులోకి పోయాడు. సుత్తి దెబ్బలు, రేకు గీరుకుంటున్న చప్పుడు. తర్వాత ఇంజను వేశాడు.

మా గూట్లో గ్లాసులు కదిలాయి.

పరుగున వెళ్లాను. అవతలి గదిలో శ్రీహరి గారు హాయిగా ఫోను మాట్లాడుకుంటున్నారు. ఎడ్విన్ తడిసి ముద్దయ్యి షెడ్డు పక్కన నిలబడి ఉన్నాడు.

"మూడు వైపులా షీట్లు ఉంచానండి. మీ వైపు మాత్రం వట్టి రేకే బిగించాను. శ్రీహరి గారిని ఒప్పించడానికే ఇన్ని రోజులు పట్టింది. ఇది సగం పనేరా అంటాడు మా షాపాయన."

"మరి మీరేమంటారు?"

"ఇక్కడ మీకు వినబడుతోందని తెలిస్తేనే, అక్కడ నాకు నిద్ర పడుతుందంటాను."

వాన, ఇంజను, రెండూ మోగుతున్నాయి. నేను ఏమన్నానో నాకే వినబడలేదు. అతనికి వినబడింది.

పాకలోంచి అత్త గొంతు పెంచి అడిగింది. "బాబూ, మీ అమ్మ గారు ఏ చర్చికి వెళతారు?"

అతని తల్లి రూతమ్మ గారు మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు, ఉన్న పళ్లేల్లో మోగని పళ్లెమే ఆవిడ ముందుకి వచ్చింది. వేలితో తట్టి కొడుకు వంక చూసి, ఇదన్నమాట నీ పని అని నవ్వారు. ప్రార్థన చేసి మా తలల మీద చేతులు పెట్టారు.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో రైలు స్టేషను దగ్గర ఉంటున్నాం. రైళ్ల వైపు గోడకి ఆయన షీట్లు వేశాడు. కానీ ఉయ్యాల కొక్కెం కిర్రుమంటుంది. ఊరందరి బళ్లకీ చప్పుడు ఆపే మనిషి, ఆ కొక్కేనికి మాత్రం నూనె చుక్క వేయడు. ఎందుకని నేనూ అడగను.

అత్త మాత్రం అక్కడే ఉంది. రమ్మంటే, నీ ఇంట్లో ఏ చప్పుడూ లేదే, నిద్ర పట్టదు అంటుంది. సెల్ కొనిచ్చాం. తడుస్తుందని బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టేస్తుంది. అది మోగినా ఆవిడకి వినబడదు.

అందుకని మీకు చెబుతున్నాను. మబ్బు పట్టిన రోజు మీరు కైకలూరు బస్సులో వెళుతుంటే, వంతెన దాటాక కిటికీ తీసి ఒకసారి వినండి. దడదడ వినబడితే వెళ్లిపోండి. వినబడకపోతే మాత్రం దయచేసి దిగి, గట్టు మీద పాక ముందు నిలబడి, సుందరమ్మ గారూ అని గట్టిగా పిలవండి. ఎవరు పంపారంటే, జాయ్సీ అని నా పేరు చెప్పండి. ఆవిడ తిడుతుంది. తిట్టేదాకా ఉండి వెళ్లండి.