కొత్త కాలేజీ చుట్టూ పొన్న మొక్కలు

"ఏవండీ, ఆ తంగేడు మిమ్మల్నేం చేసింది? పీకేస్తున్నారేంటి?"

ఫిన్నీ గునపం ఆపి తలెత్తాడు. అది రెండువేల ఏడు. బాపట్ల శివార్లలో కొత్తగా కట్టిన ఫార్మసీ కాలేజీ చుట్టూ మొక్కలు పెంచే పని అతనిది. ఎదురుగా గొడుగు పట్టుకుని, కోపంతో ముక్కు ఎర్రబడిన అమ్మాయి.

"పీకడం లేదండి. దారికి అడ్డమని మట్టిగడ్డతో సహా తీసి అటు పెడుతున్నాను."

"అయ్యో, సారీ అండి."

ఆమె కరుణశ్రీ, రేపల్లె నుంచి వచ్చిన కొత్త లెక్చరర్. హాస్టల్లో ఒక్కతే ఉంటోంది. ఫిన్నీదీ అదే బతుకు. తెనాలిలో ఇంటికి తాళం వేసి, పని దొరికిన చోటే ఉంటాడు. సాయంత్రమైతే పలకరించేవాళ్లుండరు.

ఆ వానాకాలమంతా క్లాసులయ్యాక ఆమె మొక్కల దగ్గరికి వచ్చేది.

"గులాబీలు పెట్టొచ్చుగా?" అని ఏడిపించేది.

"ఈ ఇసకలో ఎండాకాలం దాకా ఉండవండి. పొన్న, పొగడ, కానుగ అయితే ఇక్కడివే. ఉప్పుగాలి వాటికి అలవాటు."

"నాకే ఈ ఊరు అలవాటు కాలేదు."

చినుకులు పడితే ఆమె గొడుగు కింద సగం చోటు ఖాళీగా ఉండేది. ఆమె పిలవలేదు, అతను అడగలేదు. లెక్చరర్‌తో తోటపనివాడికి అంత చనువేమిటని వెనకాడేవాడు.

పని పూర్తయింది. వడ్లమూడిలో ఇంకో పని దొరికింది.

"వెళ్లొస్తానండి," అన్నాడు.

"మంచిదండి," అంది ఆమె, మొక్కల వైపు చూస్తూ.

వడ్లమూడిలో అతనికి అన్నం సహించలేదు. వేసవి రాగానే, ఎండిన మొక్కలు మారుస్తానన్న వంకతో బాపట్ల వచ్చాడు. పొన్నలు పచ్చగానే ఉన్నాయి. ఆమె లేదు.

"మేడంగారు ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోయారు," అన్నాడు వాచ్‌మన్ జాకీర్. "వెళ్లేరోజు ఇక్కడే చాలాసేపు కూర్చున్నారు బాబూ."

ఫిన్నీ మరో ఆలోచన లేకుండా రేపల్లె బస్సెక్కాడు. ఆమె ఎప్పుడో చెప్పిన చర్చి వెనక వీధిలో అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాడు. తలుపు తీసింది కరుణశ్రీ తల్లి రాహేలు.

"ఎవరు బాబూ?"

"ఫిన్నీ అండి. కాలేజీలో మొక్కలు..."

లోపలి నుంచి వచ్చిన కరుణశ్రీ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఉద్యోగం ఎందుకు మానేశారండి?"

"మీరు లేకుండా ఆ మొక్కల మధ్య తిరగలేకపోయాను." ఆమె కళ్లు నిండాయి. "ఆ రోజు ఒక్క మాట అంటారని ఎంత చూశానో!"

"భయమేసిందండి. ఇప్పుడంటున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె ఏడుస్తూనే తలూపింది.

రాహేలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీ ఇంట్లో పెద్దవాళ్లెవరు బాబూ?"

"ఎవరూ లేరండి."

రాహేలు అతని చేతిలోని సంచి అందుకుంది.

"అయితే రెండువైపులా పెద్దరికం నాదే. కాళ్లు కడుక్కుని లోపలికి రా నాయనా."