దయ్యం మీద ఫిర్యాదు

"మొదటి భాగంలో దయ్యం వస్తే దుప్పటి ముసుగేసుకున్నాను. రెండో భాగంలో దయ్యం వస్తే జాలేసి కుర్చీ వేయాలనిపించింది. హీరో కత్తి పట్టుకుని నిలబడితే, తను తీరిగ్గా కష్టాలన్నీ చెప్పుకుంటుంది. దయ్యమా, పక్కింటి పిన్నా?"

అనిమె బొమ్మల హారర్ గేమ్ రెండో భాగం విడుదలైన వారానికి వచ్చిన రివ్యూ అది. రాసినవాళ్ల మారుపేరు ముక్కుసూటి.

ఆ దయ్యానికి మాటలు రాసిన అబ్బాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. తనెవరో చెప్పకుండా కింద జవాబు పెట్టాడు: "పూర్తిగా ఆడకుండా అభిప్రాయాలు చెప్పకండి."

నిమిషంలో సమాధానం వచ్చింది. "నలభై ఆరు గంటలు ఆడాను. అందులో ఇరవై గంటలు దయ్యమే మాట్లాడింది."

మర్నాడు ఆఫీసులో, ఆ గేమ్ కంపెనీ నడిపే మేడం అతన్ని పిలిచింది. "ఆటగాళ్లందరిదీ ఇదే గోల. కొత్త అధ్యాయం సిద్ధంగా ఉందిగా? శుక్రవారం ఆ ముక్కుసూటిని పిలిపించి ఆడిస్తున్నాం. భయపడితే సరే. లేదంటే దయ్యాన్ని తీసేద్దాం."

"అమ్మో! రెండేళ్లు పెంచాను మేడం."

"పెంచి? పెళ్లి చేసి పంపుతావా? పక్కన నువ్వే కూర్చో."

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. కొత్త ఆట ఆడేవాళ్ల పక్కన కూర్చున్న మనిషి నోరు విప్పకూడదు, సాయం చేయకూడదు. ఎన్నింటికి నవ్వారు, ఎక్కడ ఉలిక్కిపడ్డారు అన్నీ కాగితం మీద రాయాలి. చివర ఆడినవాళ్లు అది చదివి సంతకం పెట్టాలి.

శుక్రవారం పొద్దున జోరువాన. ముక్కుసూటి అంటే ఏ గడ్డం కుర్రాడో అనుకున్నాడు అబ్బాయి. సగం తడిసి, కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంటూ ఒక అమ్మాయి వచ్చింది. వెనకాల ఆమె బాబాయి. ఇద్దరిదీ కళ్లద్దాల కొట్టు. మేడం ఏమీ అనకుండా తన తువ్వాలు తెచ్చి అమ్మాయి భుజం మీద వేసింది.

ఆట మొదలైంది.

"ఈ తలుపు తియ్యనా?" అంది అమ్మాయి.

అతను కాగితం మీదికి వంగాడు.

"మాట్లాడరా? మీ దయ్యానికి ఇందులో సగం పొదుపున్నా బాగుండేది."

అతనికి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కున్నాడు. ఆమె ఓరగా చూసింది. "నవ్వుతున్నారు. అదీ రాసుకోండి."

గంట గడిచింది. "అయిపోయింది, ఆ కాగితం ఇవ్వండి" అని ఆమె అడిగితే, ఏదో లోకంలో ఉండి అందించేశాడు. ఆమె పైకే చదివింది.

"పది ఇరవై: నవ్వింది. పది ఇరవై అయిదు: జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. పది నలభై: మళ్లీ తోసుకోలేదు, అయ్యో." ఆగి అతని వైపు తిరిగింది. "ఇది ఏ అధ్యాయం గురించండీ?"

భూమి చీలితే బాగుండుననిపించింది అతనికి.

"పది యాభైకి దయ్యం వచ్చింది. ఎదురుగా 'భయపడిందా?' అన్న గడి ఖాళీ."

"నేను... స్క్రీన్ వైపు చూడలేదు."

బయట మేడం చెప్పుల చప్పుడు. రెండేళ్ల కష్టం ఆ ఖాళీ గడిలో వేలాడుతోంది. "దయచేసి చెప్పండి, భయపడ్డారా?"

"చూడాల్సింది మీరు కదా!" అని ఏడిపించి, ఆపైన కలం లాక్కుని నిదానంగా రాసింది. "భయపడ్డాను. ఈసారి దయ్యం 'తలుపు వేసెయ్, చలిగా ఉంది' అని ఊరుకుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. దయ్యాన్ని ఉంచండి. మిగతా అధ్యాయాల్లో మాటలు కోయండి."

కింద సంతకం పెట్టింది.

మేడం వచ్చి కాగితం ఆసాంతం చదివింది. "దయ్యం బతికిపోయింది. మరి ఈ జుట్టు ఎవరిదయ్యా?"

మేడం కళ్లద్దాలకు వదులైన మర అప్పుడే డబ్బు తీసుకోకుండా బిగించి తెచ్చిన బాబాయి, ఆమె భుజం మీంచి తొంగి చూశాడు. చదివాడు. అమ్మాయిని చూశాడు. అబ్బాయిని ఇంకాస్త సేపు చూశాడు.

"ఎదురుగా దయ్యమొస్తే కనబడలేదా నాయనా? చూపు పరీక్ష చేయించాల్సిందే. ఏమంటావే అమ్మాయ్?"

"నువ్వు చేస్తావా బాబాయ్?"

"నాకు రేపు సాయంత్రం వేరే పనుంది" అన్నాడాయన. లేని పని కల్పించుకోవడంలో ఆయన అంత గట్టివాడని ఇంట్లో ఎవరికీ తెలియదు.

దయ్యానికి పేజీలకు పేజీలు రాసినవాడు ఈసారి తల మాత్రం ఊపాడు.

అమ్మాయి గొడుగు విప్పుతూ వెనక్కి తిరిగింది. "రేపు అయిదింటికి మా కొట్టుకి రండి. కుర్చీలో మీరు కూర్చోండి. రాసుకోవడం నా వంతు."